ఇఫ్ పక్కన విల్ పెట్టకూడదంట, పేషెంటుని 'లే డౌన్' అనకూడదంట. ఎవరైనా కాస్త చెప్పండి

నైట్‌డ్యూటీ_గుంటూరు (ప్రశ్న)

నమస్తే అండీ అందరికీ. పోస్టు పెద్దదైంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఊరు నరసరావుపేట దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ తర్వాత మూడేళ్ళు జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు. ఆ మూడేళ్ళూ పుస్తకాలు ఇంగ్లీషే, పరీక్షలూ ఇంగ్లీషే. అందుకని నాకు ఇంగ్లీషు రాదని అనలేను, వచ్చని కూడా అనలేను. కేస్ షీట్ చదువుతాను, నోట్స్ రాస్తాను. డ్యూటీ డాక్టరు గారు గబగబా చెప్పే ఆర్డర్లన్నీ అర్థమవుతాయి. నోరు తెరిచి నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడమంటే మాత్రం చెమటలు పడతాయి.

ఐర్లండ్ వెళ్దామని ఓఈటీకి చదువుతున్నాను. నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. నా తలనొప్పంతా నాలుగోదానితో. అందులో రెండు రోల్ ప్లేలు ఉంటాయి. చేతికి ఒక కార్డు ఇస్తారు, 3 నిమిషాలు చూసుకోవాలి, తర్వాత 5 నిమిషాలు ఎదురుగా ఉన్నావిడే పేషెంటు అనుకుని మాట్లాడాలి. పేషెంటు భయపడుతుంటే ధైర్యం చెప్పాలి, మందు మానేస్తానంటే నచ్చజెప్పాలి. అంటే ఆ 5 నిమిషాలూ "ఇలా చేస్తే అలా అవుతుంది, చేయకపోతే ఇంకోలా అవుతుంది" అనే మాటలే. తీరా చూస్తే నాకు రానిది సరిగ్గా అదే.

పోయిన ఆదివారం మాక్ టెస్టులో జరిగింది చెప్తాను. పేషెంటు షుగరు మనిషి, కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టారు. నేను "ఇఫ్ యూ విల్ స్కిప్ బ్రేక్‌ఫాస్ట్ ఆఫ్టర్ ఇన్సులిన్, యువర్ షుగర్ విల్ గో డౌన్" అన్నాను. ట్రైనర్ చెయ్యెత్తి ఆపేశారు. "ఇఫ్ తర్వాత విల్ ఏంటమ్మా?" అన్నారు. సరే ఇఫ్ జోలికే పోవద్దని, "వెన్ యూ ఫాల్ అన్‌కాన్షస్, యువర్ వైఫ్ షుడ్ కాల్ ది ఆంబులెన్స్" అన్నాను. ఆయన నవ్వి, "ఆయన పడిపోవడం నువ్వే ఖాయం చేసేశావా?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. చివర్లో కడుపు పరీక్ష చేయాలని "ప్లీజ్ లే డౌన్" అన్నాను. అదీ తప్పే. 'లై' అనాలంట. లై అంటే అబద్ధం కదా సార్ అంటే, రెండూ అంట.

ఫీజు కట్టిన కోచింగ్‌లో ఇచ్చింది ఒక చార్టు. ఇఫ్ వాక్యాలు నాలుగు రకాలంట, టైప్ జీరో, వన్, టూ, త్రీ. ఇఫ్ ప్లస్ పాస్ట్, వుడ్ ప్లస్ వి వన్, ఇఫ్ ప్లస్ హ్యాడ్ ప్లస్ వి త్రీ, ఇలా గళ్ళు గళ్ళుగా. హాస్టల్లో బీరువా తలుపుకి అంటించుకున్నాను. చార్టంతా బట్టీ వచ్చేసింది, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మాట్లాడేటప్పుడు ఇది టైప్ టూనా త్రీనా అని వెతుక్కునేసరికి ఎదురుగా ఉన్నావిడ గడియారం చూస్తోంది. అడిగితే "ప్రాక్టీస్ చెయ్యమ్మా, అదే వస్తుంది" అంటున్నారు. ఏది ప్రాక్టీస్ చేయాలో తెలిస్తే చేస్తాను కదా.

రేపు జరగబోయేదానికి విల్ వద్దంటే ఎలాగండీ? టైప్ టూకీ త్రీకీ తేడా చార్టు లేకుండా పట్టుకునే దారి ఏదైనా ఉందా? లై-లే, రైజ్-రెయిజ్, సే-టెల్, ఇవి ఈ జన్మలో తలకెక్కుతాయా? పరీక్ష ఇంకో ఐదు వారాలు ఉంది.


బ్యాక్‌బెంచ్_మియాపూర్

అక్కా, సింపుల్. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చడం ఆపేయండి. డైరెక్టుగా ఇంగ్లీషులో ఆలోచించండి. నేను ఇంగ్లీషు సిరీస్‌లు చూసే నేర్చుకున్నా, గ్రామర్ బుక్కు ముట్టలేదు. ఆ చార్టు చించి పారేయండి.


నైట్‌డ్యూటీ_గుంటూరు

తమ్ముడూ, ఇంగ్లీషులో ఆలోచించాలంటే ముందు ఇంగ్లీషు ఉండాలి కదా. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ, ఇక సిరీస్‌లు ఎప్పుడు చూడను. చార్టు చించను, 40 రూపాయలు పెట్టి లామినేషన్ చేయించాను.


నంద్యాల_పంతులు

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషు పంతుల్ని కాదు. కానీ మా బడిలో ఇంగ్లీషు మాస్టారి పోస్టు ఎన్నో ఏళ్ళు ఖాళీగా ఉండేది. ఆ పీరియడ్లు నా నెత్తినే పడేవి. అప్పుడు పిల్లలతోపాటు నేనూ నేర్చుకున్నాను. ఆ బాబు చెప్పిన సలహా తప్పని అనను, ఎనిమిదేళ్ళ పిల్లలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీకు తెలుగు ఉంది, దాన్ని పక్కన పడేయడం దేనికి?

పదో తరగతి తెలుగు వాచకంలో 'చేదర్థకం' అని చదివి ఉంటావు. వస్తే, తింటే, చెప్తే, చేస్తే. ఒక పని జరిగితేనే రెండోది జరుగుతుందని చెప్పే రూపం. నువ్వు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ చేదర్థకమే ఇంగ్లీషువాడి ఇఫ్.

ఇప్పుడు నీ మొదటి అనుమానం. "రేపు వాన వస్తే నేను రాను." ఇందులో 'వస్తే' ఏ కాలం? ఏ కాలమూ కాదు. రేపటి సంగతంతా 'రాను' మోస్తోంది. "వాన వస్తుంది అయితే రాను" అని ఎవరైనా అంటారా? ఇంగ్లీషూ అంతే. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ వోంట్ కమ్." భవిష్యత్తు బరువు ఒక్క చోటే, ఫలితం వైపే. అంటే విల్ తప్పు నీకు తెలుగు నుంచి రాలేదమ్మా. రేపు అనే మాట కనబడితే విల్ తగిలించమని బళ్ళో నేర్పుతారు చూడు, అక్కడినుంచి వచ్చింది. ఆ నేరంలో నాకూ వాటా ఉంది. నీ ఇన్సులిన్ వాక్యం "ఇఫ్ యూ స్కిప్ బ్రేక్‌ఫాస్ట్" అని మొదలైతే చాలు, మిగతాదంతా బాగానే ఉంది.

తెలుగు నిజంగా మనల్ని దెబ్బతీసేది ఇంకో చోట. ఈ రెండూ చూడు.

"డబ్బు ఉంటే కొంటాను."
"డబ్బు ఉంటే కొనేదాన్ని."

మొదటిది చెప్పేవాడి జేబులో డబ్బు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండోది చెప్పే ఆవిడ దగ్గర డబ్బు లేదు, అది ఖాయం. కానీ ముందు సగం గమనించు, రెండిట్లోనూ 'డబ్బు ఉంటే' అనే ఉంది, అక్షరం కూడా మారలేదు. లేదన్న సంగతి తెలుగువాడు వాక్యం చివరిదాకా దాచిపెట్టి తోకలో చెప్తాడు. ఇంగ్లీషువాడికి అంత ఓపిక లేదు, మొదట్లోనే చెప్పేస్తాడు, చివర్లో ఇంకోసారి చెప్తాడు. "ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై." "ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై." మన పిల్లలు వందలో తొంభైమంది "ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై" అని ఎందుకు రాస్తారో ఇప్పుడు తెలిసిందా? తెలుగు తల మీద ఇంగ్లీషు తోక అతికిస్తున్నారు. (తొంభై అన్నది నేను దిద్దిన పేపర్ల మాట, లెక్క వేసి చెప్పింది కాదు.)

కాబట్టి నోరు తెరిచేముందు తోక చూసుకో. మనసులో తెలుగు వాక్యం 'ను'తోనో 'ది'తోనో మామూలుగా ముగిస్తే, కొంటాను, తగ్గుతుంది అని, అది టైప్ వన్. 'ఏదాన్ని, ఏవాణ్ణి, ఏది' అని ముగిస్తే వుడ్ వస్తుంది, ఇఫ్ వైపు ఒక మెట్టు వెనక్కి దిగాలి. హావ్ కాస్తా హ్యాడ్, నో కాస్తా న్యూ.

ఇక టూ, త్రీ. ఇప్పుడు లేనిదాన్ని ఊహించుకుంటే టూ, అయిపోయినదాన్ని ఊహించుకుంటే త్రీ. "నువ్వు ముందే చెప్పి ఉంటే నేను వచ్చి ఉండేదాన్ని." చెప్పి ఉంటే, హ్యాడ్ టోల్డ్. వచ్చి ఉండేదాన్ని, వుడ్ హావ్ కమ్. మన 'చెప్పి, వచ్చి' పక్కన 'ఉండు' చేరినట్టే వాళ్ళ టోల్డ్, కమ్ పక్కన హ్యాడ్, హావ్ చేరాయి. ఇంత దగ్గర పోలిక ఉంటే చార్టు దేనికమ్మా.

ఒక్క చిక్కుంది, దాచను. మనం మాట్లాడేటప్పుడు 'చెప్పి ఉంటే' అని పూర్తిగా అనం. "నిన్న చెప్తే వచ్చేదాన్ని కదా" అంటాం. అది జరిగిపోయిన సంగతి, అంటే టైప్ త్రీ. కానీ తోక టూ లాగే ఉంది. దీనికి నేను పిల్లలకి చెప్పిన కిటుకు: వాక్యంలో 'ఉండు' దూర్చి చూడు. "నిన్న చెప్పి ఉంటే వచ్చి ఉండేదాన్ని" అంటే అర్థం మారలేదు, కాబట్టి త్రీ. "నాకు రెక్కలు ఉంటే ఎగిరి వచ్చేదాన్ని" లో దూర్చు. "రెక్కలు ఉండి ఉంటే ఎగిరి వచ్చి ఉండేదాన్ని." ఏదో పాత రోజుల సంగతి చెప్తున్నట్టు అయిపోయింది, నువ్వు అనుకున్నది అది కాదు. కాబట్టి టూ.

ఇంకో ముచ్చట చెప్పి ఆపుతాను. "చిన్నప్పుడు రోజూ చెరువుకి వెళ్ళేదాన్ని" అంటావు. అది షరతు కాదు, పాత అలవాటు. తోక మాత్రం అదే 'వెళ్ళేదాన్ని'. ఇంగ్లీషులో కూడా "ఎవ్రీ డే ఐ వుడ్ గో టు ది పాండ్" అంటారు. అదే వుడ్. రెండు భాషలూ ఒకే మూలలో ఒకే సామాను పెట్టుకున్నాయి. ఎందుకో గానీ నాకు ఇది చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.


నైట్‌డ్యూటీ_గుంటూరు

మాస్టారూ, ఇది నేను మూడుసార్లు చదివాను. తోక సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. రాత్రి రౌండ్స్ మధ్యలో పేషెంట్ల మాటలన్నీ విని తోకలు చూస్తూ కూర్చున్నాను. ఏడో బెడ్ పెద్దాయన "మా పెద్దోడు దగ్గరుంటే ఇన్ని ఖర్చులయ్యేవి కావమ్మా" అన్నాడు. అయ్యేవి కావు. వుడ్ నాట్. "ఇఫ్ మై ఎల్డర్ సన్ వర్ హియర్" అని లోపల అనుకున్నా, కరెక్టేనా? వాజ్ రావాలా, వర్ రావాలా? ఒక్కడే కదా కొడుకు.

వెన్ సంగతి కూడా చెప్పండి. ట్రైనర్ ఎందుకు అంత నవ్వారో ఇంకా పూర్తిగా ఎక్కలేదు.


లిమరిక్_కడపమ్మాయి

చెల్లీ, నేను ఐర్లండ్‌లోనే ఉన్నా, లిమరిక్‌లో. మాది కడప. నేనూ ఇదే పరీక్ష రాసి వచ్చినదాన్నే. మాట్లాడేదాంట్లో మొదటిసారి 330 వచ్చింది, కావాల్సింది 350. రెండోసారి దాటినా. కాబట్టి భయపడాకు.

వర్ కరెక్టే. లేనిదాన్ని ఊహించేటప్పుడు ఒక్కరికైనా వర్ పెడతారు. "ఇఫ్ ఐ వర్ యూ" అన్నది పరీక్షలో నీకు బంగారం. సలహా చెప్పాలంటే మెత్తగా "ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ కీప్ సమ్ గ్లూకోజ్ టాబ్లెట్స్ ఇన్ మై బ్యాగ్" అను. "నేనే మీరైతే" అన్నట్టు. ఇక్కడ వార్డుల్లో చాలామంది వాజ్ అనే అంటారు, ఎవరూ పట్టించుకోరు. పరీక్షలో మాత్రం వర్ పెట్టు, గొడవ ఉండదు.

వెన్ విషయం. మనం "నొప్పి వస్తే బెల్ నొక్కండి" అంటాం, "నొప్పి వచ్చినప్పుడు బెల్ నొక్కండి" అని కూడా అంటాం. వార్డులో రెండింటికీ పెద్ద తేడా అనిపించదు, అదే మోసం. 'వచ్చినప్పుడు' అంటే వచ్చి తీరుతుంది, ఎప్పుడన్నదే తెలీదు. అది వెన్. 'వస్తే' అంటే రాకపోవచ్చు కూడా. అది ఇఫ్. "వెన్ యువర్ డ్రెస్సింగ్ ఈజ్ చేంజ్‌డ్" అనొచ్చు, డ్రెస్సింగ్ మార్చక తప్పదు. "వెన్ యూ ఫాల్ అన్‌కాన్షస్" అంటే నువ్వు ఆయనకి ముహూర్తం పెట్టినట్టే. ఇక్కడ ఒక ముసలావిడతో నేను వచ్చిన కొత్తలో "వెన్ ది క్యాన్సర్ కమ్స్ బ్యాక్" అనేసినా. 'తిరగబెడితే' అనే నా ఉద్దేశం. ఆమె మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మా మేనేజరు పక్కకి పిలిచి చెప్పింది. తిట్టలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలే.

విల్ ఎప్పుడూ రాదని బీరువా మీద రాసుకోవాకు. మర్యాదకి వస్తుంది. "ఇఫ్ యూ విల్ జస్ట్ రోల్ అప్ యువర్ స్లీవ్ ఫర్ మీ" అంటే "కాస్త చొక్కా చెయ్యి మడుస్తారా" అన్నట్టు. అది షరతు కాదు, బతిమాలడం. ఒకసారి ఇది విని మన పిల్ల ఒకతె ఇక్కడోళ్ళకే గ్రామర్ రాదని తేల్చేసింది.

లెటర్ చివర అందరూ బట్టీ పట్టి రాసే వాక్యం ఉంది చూడు, "షుడ్ యూ హావ్ ఎనీ క్వెరీస్, ప్లీజ్ కాంటాక్ట్ మీ." ఆ షుడ్ అంటే 'చెయ్యాలి' కాదు. అది వేషం మార్చిన ఇఫ్. "ఏమైనా అనుమానాలుంటే" అని. నేను రెండేళ్ళు రాసినా గానీ ఆ ముక్క తెలీదు. "మీకు అనుమానాలు ఉండాలి" అని రాస్తున్నామేమో అనుకునేదాన్ని.

ఇంక లై, లే. ఇక్కడ రోజూ పడి లేచినోళ్ళకి, కళ్ళు తిరిగేవాళ్ళకి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తాం. దాన్ని "లయింగ్ అండ్ స్టాండింగ్ బీపీ" అంటారు. లేయింగ్ అని ఎవరూ అనరు. నాకు లై అట్లా ఎక్కింది. మనిషి తనంతట తానే పడుకుంటే లై. నిజం చెప్పాలంటే వార్డులో లై డౌన్ కూడా తక్కువే, "హాప్ అప్ ఆన్ ది బెడ్ ఫర్ మీ" అంటారు. మోకాళ్ళ ఆపరేషన్ అయిన ఎనభై ఏళ్ళాయన్ని హాప్ అనడం ఏందో మొదట్లో నవ్వొచ్చేది.


నంద్యాల_పంతులు

కడపమ్మాయి చెప్పింది బాగుంది. లే గురించి తెలుగు పంతులుగా నాకూ ఒక మాట ఉంది. తెలుగు చెవికి 'లే' అంటే లేవమని. ఇంగ్లీషులో అదే శబ్దానికి కింద పెట్టమని. ఇంతకంటే ఎదురుబొదురు మాట దొరకదు. నువ్వు పేషెంటుని 'లే డౌన్' అన్నప్పుడు మన పల్లెటూరి ముసలమ్మ అయితే లేచి కూర్చునేది.

ఇవి జంటలమ్మా. పడుకొను, పడుకోబెట్టు. లేచు, లేపు. పెరుగు, పెంచు. తగ్గు, తగ్గించు. ఎక్కు, ఎక్కించు. మొదటిది తనంతట తాను చేసేది, అకర్మకం. రెండోది ఇంకోదాని మీద చేసేది, సకర్మకం. దేన్ని, ఎవర్ని అని అడిగితే జవాబు వస్తుంది. లై అంటే పడుకొను, లే అంటే పడుకోబెట్టు. రైజ్ అంటే లేచు, పెరుగు. రెయిజ్ అంటే లేపు, పెంచు. నువ్వు తెలుగులో ఎన్నడైనా "బిడ్డను పడుకుంది" అన్నావా? అనవు. నోరు తిరగదు. ఆ తెలివే ఇక్కడా వాడుకో.

ఇంకా చూడు. కోడి గుడ్డు పెడుతుంది, అది లే. పుస్తకం బల్ల మీద పెడతావు, అది లే. బిడ్డని పడుకోబెడతావు, అదీ లే. మూడింటిలోనూ 'పెట్టు' ఉంది. పెట్టు ఉంటే లే, లేకపోతే లై.

అయితే నిన్నటి సంగతి చెప్పేటప్పుడు ఇంగ్లీషువాడు ఒక గుంట తవ్విపెట్టాడు. లై కి నిన్నటి రూపం 'లే'. "హి లే ఆన్ ది ఫ్లోర్ ఫర్ టూ అవర్స్" అంటే రెండు గంటలు నేల మీద పడి ఉన్నాడని. అసలు లే కి నిన్నటి రూపం 'లెయిడ్'. అబద్ధం లై కి 'లైడ్'. దీనికి కిటుకు లేదు, బట్టీ పట్టాల్సిందే. నేనూ బట్టీయే.


నైట్‌డ్యూటీ_గుంటూరు

'పెట్టు' ఉంటే లే. రాసుకున్నాను, చార్టు మీదే పెన్నుతో.

నేను ప్రయత్నించినవి కొన్ని పెడతాను, దిద్దండి. ఇందులో ఇఫ్ లేనివీ ఉన్నాయి, అవీ నాకు అనుమానమే.

"ఐ రెయిజ్డ్ ద హెడ్ ఎండ్ ఆఫ్ ద బెడ్." తలవైపు ఎత్తాను.
"హిజ్ టెంపరేచర్ రెయిజ్డ్ ఎట్ 2 ఏఎమ్."
"షి టోల్డ్ దట్ షి హ్యాడ్ పెయిన్."
"ప్లీజ్ రిమెంబర్ మీ టు గివ్ యూ ద టాబ్లెట్."
"డు యూ డ్రింక్ సిగరెట్స్?"
"అన్‌లెస్ యూ డోంట్ టేక్ ద ఫుల్ కోర్స్, ది ఇన్‌ఫెక్షన్ విల్ కమ్ బ్యాక్."
"ఇఫ్ సపోజ్ యూ ఫీల్ గిడ్డీ, సిట్ డౌన్."


లిమరిక్_కడపమ్మాయి

సిగరెట్ల కాడ నవ్వినా చెల్లీ, ఏమనుకోవాకు. తెలుగులో నీళ్ళూ తాగుతాం, సిగరెట్టూ తాగుతాం. వాళ్ళు తాగరు, స్మోక్ చేస్తారు.

మొదటిది కరెక్టు. రెండోదాంట్లో టెంపరేచర్ దానంతటదే పెరిగింది, నువ్వు పెంచలేదు. కాబట్టి రోజ్. నువ్వు రాసినట్టుగా చదివితే ఎవరో బటన్ తిప్పి జ్వరం పెంచినట్టుంది.

టోల్డ్ కి ఎవరికి అన్నది తప్పకుండా కావాలి. "షి టోల్డ్ మీ దట్." ఎవరికి అన్నది లేదా, అప్పుడు సెడ్. "షి సెడ్ దట్ షి హ్యాడ్ పెయిన్." తెలుగులో రెండింటికీ 'చెప్పింది' ఒక్కటే, అందుకే తికమక. గుర్తుంచుకోవడం రిమెంబర్, గుర్తు చేయడం రిమైండ్. మాస్టారి జంటల లెక్కే. "రిమైండ్ మీ."

మాకు ఇంకో తిప్పలు 'వెయ్యి'తో. ఫ్యాన్ వెయ్యి, తలుపు వెయ్యి, మందు వేసుకో, బట్టలు వేసుకో, ఇంజెక్షన్ వెయ్యి. మనకి ఒక్క మాటతో ఇల్లంతా నడిచిపోతుంది. వాళ్ళకి స్విచ్ ఆన్, క్లోజ్, టేక్, పుట్ ఆన్, గివ్. నేను వచ్చిన మొదటి వారంలో "ఐ పుట్ ద ఇంజెక్షన్" అన్నా. ఎక్కడ పెట్టినావని అడిగింది పక్క నర్సు. చెయ్యికి అన్నా. ఆమె ట్రాలీ మీద వెతుకుతా ఉంది.

పరీక్ష కాకుండా ఇక్కడికి వచ్చినాక వినబడేవి కూడా చెప్తా, ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. "ఐ యామ్ ఆఫ్టర్ టేకింగ్ మై టాబ్లెట్స్" అంటారు పెద్దవాళ్ళు. తర్వాత వేసుకుంటానని కాదు, ఇప్పుడే వేసుకున్నానని! మందుల టైములో ఇది తప్పు అర్థమైతే రెండుసార్లు ఇచ్చేస్తాం. "బ్రింగ్ హిమ్ టు ఎక్స్-రే" అంటారు, మనం చదివిన లెక్క ప్రకారం టేక్ రావాలి. "విల్ ఐ గెట్ యూ ఎ కప్ ఆఫ్ టీ?" అంటే తేనా అని అడగడం. పుస్తకంలో షల్ ఉంటుంది. నువ్వు మాత్రం పరీక్షలో పుస్తకం లెక్కే రాయి.


నంద్యాల_పంతులు

మిగిలిన రెండు నావి.

'అన్‌లెస్' లోనే 'కపోతే' ఉంది. "కోర్సు పూర్తిగా వాడకపోతే." దాని పక్కన మళ్ళీ డోంట్ పెడితే "వాడకపోకపోతే" అయింది. "అన్‌లెస్ యూ టేక్ ద ఫుల్ కోర్స్" చాలు. కంగారుగా ఉంటే అన్‌లెస్ వదిలేసి "ఇఫ్ యూ డోంట్" అను, నష్టమేం లేదు.

'ఇఫ్ సపోజ్' మన 'ఒకవేళ' చేసిన పని. "ఒకవేళ కళ్ళు తిరిగితే" అంటాం. 'ఒకవేళ' ఒకటి, 'తే' ఒకటి, రెండు గుర్తులు పెట్టుకోవడం మనకి అలవాటు. ఇంగ్లీషులో ఇఫ్ ఒక్కటే చాలు.

అప్యర్థకం కూడా అడుగుతావేమో, ముందే చెప్తాను. "తగ్గినా మానకండి" అన్నప్పటి 'తగ్గినా'. ఈవెన్ ఇఫ్. "ఈవెన్ ఇఫ్ యూ ఫీల్ బెటర్, డోంట్ స్టాప్." మధ్యలో బట్ పెట్టకు. మందు మానేస్తాననే పేషెంటుకి ఇంతకంటే పనికొచ్చే వాక్యం నీకు దొరకదు.


బ్యాక్‌బెంచ్_మియాపూర్

ఓకే మాస్టారూ, ఒప్పుకుంటున్నా. ఒక డౌట్. నేను రోజూ ఆఫీసు మెయిల్స్‌లో "ఐ హోప్ యూ విల్ డు ద నీడ్‌ఫుల్" అని రాస్తా, హోప్ ఎక్కడ విష్ ఎక్కడ అనేది ఇప్పటికీ గుడ్డి లెక్కే.


నంద్యాల_పంతులు

సిరీస్‌లలో చెప్పలేదా బాబూ?

సరే. జరగడానికి వీలున్నది హోప్. "సెలవు దొరుకుతుందని ఆశ", ఐ హోప్ ఐ విల్ గెట్ లీవ్. లేనిదాని గురించి నిట్టూరిస్తే విష్. తెలుగులో దాని పేరు 'బాగుండు'. "ఇవాళ సెలవు ఉంటే బాగుండు." లేదని తెలుసు. ఐ విష్ ఐ హ్యాడ్ లీవ్ టుడే. తోక 'బాగుండేది' అయితే చేతులు కాలాక. "నిన్నే అడిగి ఉంటే బాగుండేది." ఐ విష్ ఐ హ్యాడ్ ఆస్క్‌డ్ ఎస్టర్‌డే. ఇక్కడా 'ఉండు' పరీక్ష పనిచేస్తుంది.


నైట్‌డ్యూటీ_గుంటూరు

ఈ ఆదివారం మళ్ళీ మాక్ అయింది. కార్డులో ఒకావిడ, తగ్గినట్టుందని బీపీ మందులు మానేసింది. "ఈవెన్ ఇఫ్ యూ ఫీల్ బెటర్" వాడాను. "ఇఫ్ ఐ వర్ యూ" వాడాను. ఆవిడ "ముందే ఎవరూ చెప్పలేదు" అంటే, "ఇఫ్ సమ్‌వన్ హ్యాడ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్, యూ వుడ్ నాట్ హావ్ స్టాప్డ్, ఐ అండర్‌స్టాండ్" అన్నాను. ఇది నోట్లోంచి చార్టు చూడకుండా వచ్చింది. లోపల తెలుగులో "చెప్పి ఉంటే మానేసి ఉండేవారు కాదు" అని వినబడింది, దాని వెనకాలే వచ్చేసింది. ట్రైనర్ ఏమీ అనలేదు, పెన్ను కింద పెట్టి విన్నారు. ఒక చోట మాత్రం దొరికిపోయాను. ఆవిడని పడుకోమనాల్సి వచ్చి, లై-లే రెండూ ఒకేసారి నోటికొచ్చి, "ప్లీజ్ హాప్ అప్ ఆన్ ది బెడ్" అనేశాను. కడపక్కా, నీ పుణ్యమే.

ఇంకో వాక్యం రాస్తున్నా, మాస్టారు దిద్దాలి. "ఐ విష్ ఐ హ్యాడ్ ఆస్క్‌డ్ హియర్ బిఫోర్ పేయింగ్ ద కోచింగ్ ఫీజ్."


నంద్యాల_పంతులు

దిద్దడానికి ఏమీ లేదు. ఎంత కట్టావేంటి?